తల్లికన్నా ఏడాది పెద్ద

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఎండాకాలంలో మా ఆయన తన తల్లికన్నా ఒక ఏడాది పెద్దవాడయ్యాడు. ఇందులో నా కల్పన ఏమీ లేదు, ఓటర్ల లిస్టులో అచ్చుపడింది. సత్యవ్వ, వయసు అరవై మూడు. దాని కిందనే చంద్రమౌళి, వయసు అరవై నాలుగు. రాసినవాడెవడో నలభై ఆరును తిరగేసి అరవై నాలుగు చేశాడు. మా అత్తకు మాత్రం ఓ అయిదేళ్లు తగ్గించి పుణ్యం కట్టుకున్నాడు. ఆ తిరగేసిన అంకె చివరికి మా ఆయన కుడికాలి మీదికి వచ్చింది. కాలు ఉంటుందా పోతుందా అనే దాకా వచ్చినా ఆయన ఆ అరవై నాలుగును వదిలిపెట్టలేదు. అందుకే ఈ సంగతి ఎప్పుడు చెప్పినా నాకు జాలికన్నా ముందు ఒళ్లు మండుతుంది.

ఆ లిస్టు చూసి వచ్చి చెప్పినవాడు మా పక్కింటి బుచ్చయ్య. ఆయన సాంచ నడిపిస్తాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటాం. మా ఆయనది వైపని. సాంచ మీద బీము, అంటే పడుగు దారం చుట్టిన రోలరు, అయిపోతే ఆ పాత దారాల కొసలకు కొత్త బీము దారాలను ఒక్కొక్కటే ముడివేయాలి. వేల దారాలు, వేల ముళ్లు. మా వీధిలో ఆయనంత చురుకుగా ముడివేసేవాడు లేడు. ఆ మాట మాత్రం నేను కాదనను. ఆయనను నేను తిట్టేదంతా వేళ్లను వదిలిపెట్టి మిగతా మనిషిని.

బుచ్చయ్య గుమ్మంలోనే నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"సత్తవ్వా, నీ కొడుకు నీకంటె పెద్దోడాయె. ఇగ దసరకు జమ్మి ఆకు చేతుల వెట్టి నువ్వే వాని కాళ్లు మొక్కాలె."

మా అత్త చర్కా తిప్పుతూ కండెలు చుడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"వానికి బుద్ధి వచ్చేదాక నేను చిన్నదాన్నయి బతుకుత తియ్యి" అంది.

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. లిస్టు రాసిన సారుకు చెప్పి దిద్దించుకొమ్మన్నాను. "ఓట్లు ఇంక యాడనో ఉన్నయి తియ్యె" అని చెయ్యి ఊపేశాడు. మా ఆయన జీవితంలో సగం పనులు ఆ చెయ్యి ఊపడంతోనే అయిపోతాయి.

ఉగాది దాటాక ఒక పొద్దున మా వీధి గోడల మీద ఎర్ర పోస్టర్లు కనిపించాయి. సాంచల కూలి పెంచాలని, పెంచకపోతే సాంచల సొంతదారు సేట్ల సంగతి చూస్తామని. ఎవరు అంటించారో ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్లకు మరీ తెలియదు. మూడో రోజుకు ఎక్కడి నుంచో పోలీసు బలగం దిగి, ఊరి చివర పాడుబడ్డ గోదాములో క్యాంపు పెట్టింది. పద్దెనిమిది నుంచి యాభై లోపు మగవాళ్లంతా రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి సంతకం పెట్టిపోవాలని చాటించారు. రాకపోతే ఏమవుతుందో చెప్పలేదు, చెప్పనక్కర కూడా లేదు. ఆ రోజుల్లో జీపు ఎక్కినవాళ్లందరూ తిరిగి దిగేవాళ్లు కాదు.

మొదటి రోజు మా ఆయన కూడా అందరితో పాటు పోయాడు. క్యాంపులో ఓటర్ల లిస్టే ముందు పెట్టుకొని పేర్లు పిలిచారట. అందరి పేర్లూ వచ్చాయి, ఈయనది రాలేదు. భయపడి తనే ముందుకు పోయి పేరు చెప్పుకున్నాడు. అక్కడి ఆఫీసరు లిస్టులో వెతికి, "అరవై నాలుగు. నువ్వెందుకొచ్చావు తాతా, ఇంటికి పో" అన్నాడట. ఆయన తిరగబోతుంటే ఒకసారి పైకీ కిందికీ చూసి, "అరవై నాలుగంటే గట్టిగానే ఉన్నావే. మళ్లీ చూస్తా నిన్ను" అన్నాడట.

ఇంటికి వచ్చి రెండు చెంబుల నీళ్లు తాగాడు. భయానికి తాగుతున్నాడనుకున్నాను.

"పొయి నలభై ఆరే అని చెప్పరాదు" అన్నాను.

"ఇప్పుడు చెప్తే ఏమంటరు? సంతకం తప్పిచ్చుకుంటందుకు వయసు మార్పిచ్చిండు, వీని ఎనుక ఎవరున్నరో అంటరు. సచ్చిపోత."

అది ఉత్త భయం కాదు, నిజంగానే అట్లా అనేవాళ్లే. అందుకే ఆ నాలుగు రోజులు నేనూ నోరు మూసుకున్నాను. నా వంతు తప్పు అక్కడి నుంచే లెక్క.

మర్నాటి నుంచి మా ఇంట్లో ముసలివాడు తయారుకావడం మొదలైంది. గడ్డం గీసుకోవడం మానేశాడు, తలకు నూనె మానేశాడు. వారం తిరిగేసరికి గడ్డం నేను అనుకున్నదానికన్నా తెల్లగా వచ్చింది. ఎక్కడి నుంచో ఒక వెదురు కట్టె తెచ్చాడు. వాకిట్లో నడుము వంచి, ఎడమకాలు ఈడ్చుకుంటూ, అడుగుకొకసారి మూలుగుతూ నడక నేర్చుకోసాగాడు.

మా అత్త చర్కా ఆపి చూసింది.

"ఏందిరా గది?"

"ముసలోని నడక."

"ఎవల్ని చూసి నేర్చినవ్?"

"ఎవల్ని చూసుడేందే అవ్వా? ముసలోళ్లు గిట్లనే నడుస్తరు."

"నేను గిట్ల నడుస్తున్ననా?"

ఆయన కట్టె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"చెప్పురా. నాకు అరవై ఎనిమిది. నేను పొద్దుగాల లేచి మూలుగుతున్ననా? నడుం మీద చెయ్యేసుకుంటున్ననా? నిన్న నీ పెండ్లానికి బీడీలకు తునికాకు మూట నెత్తిన వెట్టుకొని ఎవలు తెచ్చిండ్రు, నువ్వా నేనా?"

"నీ సంగతి వేరే అవ్వా."

"ఏం వేరే లేదు. ముసలితనమంటే సగం సచ్చుడని నీ మనసుల వడ్డది. గందుకే గట్ల సగం సచ్చి నడుస్తున్నవ్."

కోపంతో చర్కాను అంత గట్టిగా తిప్పింది, దారం పుటుక్కున తెగింది. నేను పక్కన బీడీల చాట ఒళ్లో పెట్టుకొని నవ్వాను. నవ్వొచ్చే సంగతే అది అప్పటికి.

ఈ రోగం మా ఆయన ఒక్కడిదే కాదు. మా దగ్గర నలభై నిండేసరికి బిడ్డ పెళ్లి అయిపోతుంది, ఏడాది తిరగకముందే తాత అయిపోతారు. మా బిడ్డ నీలను మేడిపల్లి ఇచ్చాం, దానికీ ఒక పిల్ల. ఇక మగవాడు నడుము మీద చెయ్యి వేసుకొని "మనదేమున్నది, అయిపాయె" అనడం మొదలుపెడతాడు. ఏమి అయిపోయిందో చెప్పడు. పొద్దున అయిదు చాయలు తాగడం అయిపోలేదు, సాయంత్రం కల్లు అయిపోలేదు, పెళ్లాం మీద అరవడం అంతకన్నా అయిపోలేదు. ఒళ్లు వంచడం ఒక్కటే అయిపోతుంది. ఆడవాళ్లు తక్కువ తిన్నారా? నాతో బీడీలు చేసే రత్నమాలకు ముప్పై ఎనిమిదేళ్లకే చూపు ఆనేది కాదు. అద్దాలు పెట్టుకోవే అంటే "ఇంక ఎన్నొద్దులు చూస్తనే" అనేది. ముప్పై ఎనిమిదేళ్లకు! ఇట్లాంటి మనుషుల మధ్య మా ఆయనకు అరవై నాలుగేళ్లు ఊరికే దొరికితే వదులుకుంటాడా?

క్యాంపు ఆఫీసరు ఆయనను మళ్లీ ఒకే ఒక్కసారి చూశాడు. జీపులో పోతూ పోతూ, చాయ హోటలు ముందు కట్టె పట్టుకొని నిలబడ్డ ఈయనను చూసి "ఏం తాతా" అన్నాడు. అంతే, జీపు ఆగను కూడా లేదు. దానితో గండం గడిచిపోయింది. నాటకం కట్టిపెట్టి, మెల్లగా పనిలో పడవలసింది. కానీ అప్పటికే మా ఆయనకు రుచి మరిగింది. చాయ హోటల్లో బెంచీ మీద జాగా ఇస్తున్నారు. కిరసనాయిలు లైనులో "తాతను ముందట పోనియ్యున్రి" అంటున్నారు. కూలి పెంచాలని సాంచలవాళ్లు సమ్మె చేస్తే అక్కడ కూడా "నువ్వెందుకే తాతా ఎండల, కూసో" అన్నారు. పోలీసులకు వద్దు, సంఘానికి వద్దు, సేటుకు వద్దు. ఇంత సుఖం ఆయనకు నలభై ఆరేళ్లలో ఎన్నడూ దొరకలేదు.

వైపనికి పోవడం పూర్తిగా మానేశాడు.

"అరవై నాలుగేండ్లోడు వైపని చేస్తుంటే అనుమానపడరా?" అనేవాడు.

"ఎవలు పడుతరు? నీ దిక్కు సూసేటోడెవడు?" అనేదాన్ని.

"నీకేం ఎర్క" అని మంచం మీద అటు తిరిగేవాడు.

చూరు కింద మంచం, మంచం కింద నీళ్ల కుండ, చేతిలో చాయ గ్లాసు. చాయలో చక్కెర చాలలేదని పొద్దున్నుంచి గొణుగుడు. "ముసలి పానానికి గింత తీపి గూడ లేకుంటె ఎట్ల" అనేవాడు. మధ్యాహ్నానికి కుండ ఖాళీ అయ్యేది. గడియకొకసారి లేచి దొడ్డి దారి పట్టేవాడు. ఒకరోజు నా జాకెట్టు హుక్కు ఊడితే సూదిలో దారం ఎక్కించమని ఇచ్చాను. ఎన్ని బీముల దారాలు ముడివేసిన మనిషి! నాలుగుసార్లు గురి తప్పి సూది నా చేతిలో పెట్టేశాడు.

"మసక మసక కనవడుతున్నదే. ముసలితనం గదా" అన్నాడు.

"ఇంట్ల ఎందుకు నాటకం? ఈడ పోలీసోళ్లు లేరు" అన్నాను.

దప్పిక వేస్తే ముసలితనం, చూపు మసకబారితే ముసలితనం, కాళ్లు తిమ్మిరెక్కితే ముసలితనం. ఏది వచ్చినా ఆయన దగ్గర ఆ ఒక్క మాట ఉంది. నా దగ్గర కూడా ఒక్కటే మాట ఉంది, నాటకం. ఆ రెండు మాటల మధ్య రోగం నిమ్మళంగా కూర్చుంది. డాక్టరు దగ్గరికి పోదామని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

అటు చూస్తే బుచ్చయ్యది ఇంకో కథ. ఆయనదీ మా ఆయన వయసే. ఇద్దరూ ఒకేరోజు బడిలో చేరి, ఒకేరోజు బడి మానేసినవాళ్లు. గోదాము క్యాంపు కోసు దూరం ఉండేది. పొద్దున పోయి రావాలి, సాయంత్రం పోయి రావాలి. అక్కడ ఎండలో నిలబెట్టేవాళ్లు, తల్లినీ చెల్లినీ తిట్టేవాళ్లు. వాళ్ల చేతులు పడిపోను, వాళ్ల మంచితనం అని నేను అనను. కానీ రోజూ అంతంత దూరం నడిచి నడిచి బుచ్చయ్య పొట్ట పోయింది. సాంచ దగ్గర నిలబడితే ఆయాసపడే మనిషి, మా వాకిట్లోకి గబగబా వచ్చేవాడు.

"అక్కా, పోలీసోళ్లు నా పొట్ట ఎత్తుకపోయిండ్రు, చూసినవా?" అనేవాడు. మా ఆయనను కూడా పిలిచేవాడు. "బావా, పొద్దుగాల నాతోటి రా. క్యాంపు దాక వద్దు, సగం తొవ్వ దాక వచ్చి మర్లు. ఒళ్లు గుంజుకపోయింది నీది."

"నాకు అరవై నాలుగు" అనేవాడు మా ఆయన. నవ్వుతూ అనేవాడు కాదు. అప్పటికి ఆ మాటను ఆయన నమ్ముతున్నాడని నాకు తెలిసి ఉండవలసింది.

మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చింది. మిరుగం నాడు మాకు చేపలు తినక తప్పదు. నేనూ మా అత్తా వాకిట్లో కూర్చొని చేపలు కడుగుతున్నాం. ఆయన చాయ హోటలు నుంచి కట్టె తాటించుకుంటూ వచ్చాడు. ముందు మా అత్త చూసింది.

"ఓరి చంద్రీ, కాలు మరిచిపోయినవ్ రా. నిన్నటిదాక కుంటింది ఎడమది గదా!"

నేను తల ఎత్తి చూశాను. నిజమే, కుడికాలు కుంటుతున్నాడు. రెండు నెలలు ఎడమకాలు ఈడ్చి ఈడ్చి, ఇప్పుడు ఏ కాలో మరిచిపోయి కుడికాలు ఈడుస్తున్నాడు. నాకు ఎంత నవ్వొచ్చిందంటే, కత్తిపీట పక్కకు పెట్టి కడుపు పట్టుకున్నాను. బుచ్చయ్య భార్య గోడ మీది నుంచి తొంగిచూసి, ఏమైందని అడిగి, ఆమె కూడా నవ్వింది.

ఆయన నిలబడి తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"కుడికాలుల ఏందో ఉన్నదే. ఒక్కసారి చూడరాదు" అన్నాడు.

"ఎడమకాలు అలుగుతది. దాన్ని గూడ చూడాల్నా?" అన్నాను.

ఆయన కూడా నవ్వాడు. చేపల పులుసుతో నాలుగు ముద్దలు తిని, ఇంకొద్దని మంచం ఎక్కాడు.

వానలు పడ్డాయి. ఆయనకు ఒళ్లు వెచ్చబడింది. ముసురుకు ముసలి ఒళ్లు అన్నాడు, కషాయం కాచి పెట్టాను. నాలుగో రోజో అయిదో రోజో, వాన వస్తోందని మా అత్త చర్కాను చూరు కిందికి, ఆయన మంచం పక్కకు జరుపుకుంది. కాసేపు తిప్పి ఆపింది.

"సరోజనా, చేపల కడుగు యాడ పారబోసినవే? నీసు వాసనొస్తున్నది."

"ఎప్పటి చేపలు అత్తా? వారమాయె."

మా అత్త లేచి మంచం కాళ్లవైపు పోయి దుప్పటి ఎత్తింది. తరువాత నన్ను రమ్మని చేత్తో పిలిచింది.

కుడికాలు అరచెయ్యంత మేర ఉబ్బి ఉంది. చివరి రెండు వేళ్లు నల్లబడ్డాయి. అడుగున పుండు. మంచం కింద ఉన్న చెప్పును మా అత్త తిరగేసి చూపించింది. లోపల ఒక మేకు పైకి పొడుచుకొచ్చి ఉంది. ఎన్నిరోజులు దానిమీద నడిచాడో. కాలికి తెలియలేదట. కాలు అట్లా మొద్దుబారితే మేకు దిగినా తెలియదని తరువాత డాక్టరు చెప్పాడు. నాకైతే ఆయన నోటితోనే చెప్పాడు, ఒక్కసారి చూడరాదు అని. నేను చూడలేదు.

మా తమ్ముడు వెంకటి కోరుట్లలో బీడీల కంపెనీలో గుమాస్తా. వాడి మామకు ఇట్లాంటి పుండే అయితే జగిత్యాల డాక్టరు ఒకాయన మాన్పాడని ఎప్పుడో చెప్పాడు. మర్నాడు పొద్దున్నే బస్సు ఎక్కాం. మా అత్తను ఇంటి దగ్గర ఉండమంటే వినలేదు. రుద్రంగి దాటుతుంటే కిటికీలోంచి చూసి, "గీ తొవ్వంటనే వీన్ని సంకన వేసుకొని కోరుట్లకు నడిచిన, రజాకార్ల లొల్లిల" అంది. ఎవరితో అన్నదో తెలియదు. ఆయన కళ్లు మూసుకొని నా భుజానికి ఒరిగి ఉన్నాడు. ఎంత తేలికయ్యాడో అప్పుడు తెలిసింది నాకు.

కోరుట్లలో వెంకటి మా బస్సులోనే ఎక్కాడు. జగిత్యాల చేరి, వెంకటి చీటీ రాయించడానికి పోతే, మేం ముగ్గురం డాక్టరు గదిలోకి పోయాం. గోడ పక్క బెంచీ మీద ఒక పోలీసు కూర్చొని ఉన్నాడు. ఖాకీ బట్టలు, ఒళ్లో టోపీ. మా ఆయన అతన్ని చూడగానే తువ్వాల తలమీదికి లాక్కొని నడుము వంచాడు. నూటరెండు జ్వరంలో కూడా నడుము వంచడం మరిచిపోలేదు.

డాక్టరు కాలు చూశాడు, మూత్రం పరీక్ష చేయించాడు.

"షుగర్. ఎప్పటి సంది నీళ్లు ఎక్కువ తాగుతున్నవ్?"

"ఎండకాలం మొత్తం."

"చూపు మసకబారిందా? కాళ్లు తిమ్మిరెక్కినయా?"

"ఆఁ."

"ఎవలికీ చూపియ్యలేదేంది?"

"ముసలితనమనుకున్న సారు."

"వయసెంత?"

మా ఆయన బెంచీ వైపు చూశాడు. "అరవై నాలుగు" అన్నాడు.

డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. నా వైపు తిరిగి చెప్పాడు. "అమ్మా, చిన్న వయసైతే గా రెండు వేళ్లు తీసి, రోజు కట్టు గట్టుకుంట కాలు నిలవెడుదుం. గీ వయసుల, గింత నీరసం మీద, మళ్ల మళ్ల ఆపరేషన్లకు మనిషి ఆగడు. మోకాలు కింద ఒక్కసారే తీసేస్తే పాణం దక్కుతది."

నలభై ఆరు అనే మాట నా నాలుక మీదనే ఉంది. మా ఆయన నా మణికట్టు పట్టుకొని గట్టిగా గిల్లాడు. బెంచీ మీద ఖాకీ కదిలింది. ఎండాకాలం అంతా నాటకం నాటకం అని ఎగతాళి చేసిన నా నోరు ఒక్క అంకె చెప్పడానికి పెగల్లేదు. మొగుడి మోకాలు పోతుందంటున్నారు, నేను పోలీసు టోపీ వైపు చూస్తున్నాను. ఆయనను తిట్టే అర్హత నాకు ఎంత ఉందో ఆ క్షణంలో తేలిపోయింది.

మా అత్త నన్ను పక్కకు నెట్టి బల్ల ముందుకు వచ్చింది.

"డాక్టరు సారూ, నా కొడుకు అరవై నాలుగైతే నేనెంత?"

డాక్టరు తల ఎత్తాడు. "నువ్వెంతవ్వా?"

"నాకు అరవై ఎనిమిది. నాలుగేండ్ల పిల్లకు కాన్పయితదా సారు?"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"గా ఓట్ల లిస్టుల తప్పు వడ్డది. ఈ పిరికోడు గా తప్పును వట్టుకొని ముసలోడై కూసున్నడు. రజాకార్ల లొల్లిల వీనికి అయిదేండ్లు. వీన్ని సంకన వేసుకొని సిరిసిల్ల నుంచి కోరుట్ల దాక నేను నడిచిన. ఒక్కొద్దు గాదు, మూడొద్దులు. గా కాలు గట్ల కోసి పారేసేటందుకు మోసుకరాలే. నలభై ఆరు. రాయి."

 పోలీసు బెంచీ మీది నుంచి లేచాడు. ముందుకు వంగి, గొంతు తగ్గించి డాక్టరును అడిగాడు.

"సార్, నాకు నలభై రెండే. నాకు గూడ షుగరున్నదంటున్నరు. గీ వయసుల నిజంగ వస్తదా సార్?"

మా ఆయన వంక అతను చూడనే లేదు. చేతిలో తన మూత్రం సీసా పట్టుకొని, దాని వంకే చూస్తున్నాడు. ఇతగాడికి భయపడి మా ఆయన కాలు ఇచ్చేయబోయాడు, నేను ఒక్క మాట చెప్పలేకపోయాను.

డాక్టరు ఆ కాగితం చించేసి ఇంకో కాగితం తీశాడు. నలభై ఆరు అని రాస్తూ, "కాలు పోతదన్నా సప్పుడు చెయ్యవేందయ్యా" అని కసిరాడు. మా ఆయన తలమీది తువ్వాల తీసేశాడు.

రెండు వేళ్లు పోయాయి, కాలు నిలిచింది. మూడు నెలలకు పైగా కోరుట్లలో మా తమ్ముడి ఇంట్లోనే ఉన్నాం. కట్టు కట్టించుకోవడానికి జగిత్యాలకు బస్సు, వెనక్కి బస్సు. చివరిరోజు డాక్టరు నాకే చెప్పాడు. చక్కెర బందు, మందులు తప్పొద్దు, పుండు మానగానే రోజూ నడవాలి. "కాలుకు ఏం గుచ్చుకున్నా ఆయినకు తెల్వది. రోజు పొద్దుగాల నువ్వు చూడాలె. రెండు కాళ్లూ, అడుగున" అన్నాడు. ఆ మాట నా కోసమే దాచి చెప్పినట్టనిపించింది.

బతుకమ్మ పండుగకు ఇల్లు చేరాం. క్యాంపు అప్పటికే వచ్చినచోటికే పోయింది. లిస్టు దిద్దుకునే సారు పండుగ కాగానే ఇంటింటికీ వచ్చాడు. మా అరుగు మీద కూర్చొని కాగితం చదివాడు.

"చంద్రమౌళి, అరవై నాలుగు. ఇంకో ఏడాదైతె పింఛనుకు పెట్టుకోవచ్చు. గట్లనే ఉంచన్నా?"

మా ఆయన ఆలోచించాడు. రెండు వేళ్లు పోయినా, ఆ మనిషి ఆలోచించాడు! నేను చాట కింద పెట్టి లేవబోయాను.

"వద్దు సారు. నలభై ఆరు రాయున్రి" అన్నాడు, నా మొహం చూశాకనో, తన పాదం చూశాకనో. తరువాత మా అత్త వైపు చెయ్యి చూపించి, "మా అవ్వకు అయిదేండ్లు తక్కువ పడ్డయి" అన్నాడు.

"అవ్వా, తక్కువే ఉండనిద్దామా?" అన్నాడు సారు నవ్వుతూ.

మా అత్త చర్కా ఆపలేదు. "ఎందుకుండాలె? గా అయిదేండ్లు నాయి. కష్టం చేసి బతికిన. నాయి నాకు రాయి" అంది.

ఆ తరువాత బుచ్చయ్య రోజూ పొద్దున వచ్చి పిలిచేవాడు. ఇద్దరూ ఖాళీ గోదాము దాకా నడిచి వచ్చేవాళ్లు. మొదట్లో సగం దారికే తిరిగి వచ్చి, సణిగి, చాయలో చక్కెర కోసం దొంగచూపులు చూసేవాడు. ఒక్కరోజులో మారిపోయాడని నేను చెప్పను, మా ఆయన అంత మంచివాడు కాదు. మెల్లగా వైపనికి పోయాడు. నలభై ఏడో ఏట అద్దాలు పెట్టించుకున్నాడు.

పొద్దున ఆయన కాళ్లు రెండూ ఒళ్లో పెట్టుకొని అడుగున చూడడం నాకు అలవాటైపోయింది. "పెండ్లి నాడు గూడ గింత శ్రద్ధగ మొక్కలేదు నువ్వు" అనేవాడు. "మొక్కుడు గాదు, తనిఖీ" అనేదాన్ని.

నిజమైన అరవై నాలుగు ఆయనకు మొన్న మొన్ననే నిండింది. ఆ రోజు సాంచల షెడ్డుకు సద్ది తీసుకొని పోయాను. బీము ముందు కూర్చొని ముళ్లు వేస్తున్నాడు. వేళ్ల చురుకు కొంచెం తగ్గింది, అంతే.

"అరవై నాలుగు ఎట్లున్నదయ్యా?" అన్నాను.

దారం మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "గప్పటంత కష్టం లేదే."

నవ్వాను. ఆ మాటకు నవ్వవచ్చు. కానీ సాయంత్రం ఆయన వీధి మలుపు తిరిగి ఇంటికి వస్తున్నప్పుడు, ఆ రెండు వేళ్లు లేని పాదంతో కొంచెం కుంటుతూ వస్తున్నప్పుడు, నేను నవ్వను. చాట పక్కన పెట్టి ముందు ఏ కాలో చూస్తాను.